వాగు పొంగితే ముందు చేరేది మీరే

ఆర్మూర్ ప్రాంతంలో ఆపద వస్తే సాయం ఎక్కణ్నుంచి, ఎంతసేపట్లో వస్తుంది? డిగ్రీ చేతికొచ్చి నోటిఫికేషన్ కోసం చూస్తున్న మీరు ఈలోగా ఏం నేర్చుకోవచ్చు? అందులో ఉద్యోగానికి పనికొచ్చేది ఎంత?

2023 జులై 25 ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ఆర్మూర్ పక్కనున్న వేల్పూర్‌లో 46 సెంటీమీటర్ల వాన పడింది. పెర్కిట్‌లో 30 సెంటీమీటర్లు దాటింది. నిజామాబాద్ జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేదే సుమారు మీటరు. అంటే ఏడాది వానలో దాదాపు సగం ఒక్క రోజులో కుమ్మరించింది. వాతావరణ శాఖ లెక్కలో 20.45 సెంటీమీటర్లకు చేరితేనే ‘అత్యంత భారీ వర్షం’. వేల్పూర్‌లో పడింది దానికి రెట్టింపు పైమాటే. ఆ వెంటనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్లు పడి రాష్ట్ర రికార్డు అటు వెళ్లిపోయింది. దాంతో వేల్పూర్ మాట బయటివాళ్లు మరిచిపోయారు.

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు ఈ అంకెల్ని బిట్లుగా రాసుకుంటారు. రాసుకోండి, తప్పులేదు. టీజీపీఎస్సీ జనరల్ స్టడీస్‌లో విపత్తు నిర్వహణ ఉంది, సివిల్స్ మెయిన్స్ జీఎస్ మూడో పేపర్లోనూ ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 25 కింద జిల్లా అథారిటీ ఉంటుందని, కలెక్టర్ దానికి చైర్మన్ అని, సెక్షన్ 31 ప్రకారం ప్రతి జిల్లాకూ ఓ ప్లాన్ ఉండాలని గడగడా అప్పజెప్పేవాళ్లు చాలామందే. సొంత జిల్లా ప్లాన్ తెరిచి చూసినవాళ్లు ఎంతమంది? ఊరి చెరువు మత్తడి దుంకితే నీళ్లు ముందు ఏ వాడకు వస్తాయో చెప్పగలిగినవాళ్లు?

దారే తెగితే..?

‘ఎన్డీఆర్ఎఫ్ వస్తది కదా’ అనుకుంటాం. తెలుగు రాష్ట్రాలను చూసే పదో బెటాలియన్ కేంద్రం విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. హైదరాబాద్‌లో ఉండే బృందమే బయల్దేరినా 44వ నంబరు జాతీయ రహదారి మీద మూడు నాలుగు గంటల దారి. ఆ దారే తెగితే? 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో జరిగింది అదే. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. హైవే మీద వాహనాలు నిలిచిపోయాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైదరాబాద్ నుంచి ఆర్మూర్‌కు వచ్చే ప్రధాన రోడ్డు, నిజామాబాద్ రైలు మార్గం రెండూ కామారెడ్డి మీదుగానే వస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో అగ్నిమాపక సిబ్బందితోనే సొంత ఎస్డీఆర్ఎఫ్‌ను మొదలుపెట్టింది. మంచి అడుగే. అయినా మొదటి గంట, రెండు గంటలు ఊళ్లో ఉన్నవాళ్లవే. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ వైపు ఏ ఊరికెళ్లినా గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లు కనిపిస్తాయి. ఇంట్లో ముసలి అమ్మానాయనలు, కోడలు, చిన్నపిల్లలు. వానరాత్రి దుబాయ్ నుంచి ‘ఇంట్లకు నీళ్లొచ్చినయా’ అని ఫోన్ చేసే కొడుకు అంతకుమించి ఏం చేయగలడు? ఆ ఇంటికి పరుగెత్తగలిగింది కాలేజీ అయిపోయి, ఉద్యోగం రాక, ఊళ్లో ఉన్న మీరే. ‘ఖాళీగా తిరుగుతుండు’ అనిపించుకునే ఆ రోజుల్లోనే మీరు ఊరికి బాగా పనికొస్తారు.

ఒక్క పేజీ తయారు చేయండి

పెద్ద ప్రాజెక్టు రిపోర్టు అక్కర్లేదు. ఒక్క తెల్లకాగితం చాలు. ముందుగా అందరికీ తెలిసిన నంబర్లు రాయండి. ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్స్‌కు 108, ఫైర్‌కు 101, కరెంటుకు 1912, జాతీయ రహదారి మీద ప్రమాదానికి 1033, జిల్లా విపత్తు హెల్ప్‌లైన్ 1077, రాష్ట్రానికి 1070. వరదల సమయంలో కలెక్టరేట్‌లో పెట్టే కంట్రోల్ రూమ్ నంబరు పత్రికల్లో వస్తుంది, అదీ చేర్చండి. ఆర్మూర్‌లో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, ఫైర్ స్టేషన్, ఆర్డీవో ఆఫీసు ఉన్నాయి. మీ ఊరి నుంచి వాటికి వెళ్లే దారిలో ఏ వాగు, ఏ కల్వర్టు అడ్డొస్తుందో, అది మునిగితే చుట్టుదారి ఏదో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

ఇవన్నీ గూగుల్ చేస్తే దొరికేవే. అసలు విలువ కాగితం రెండో సగానిది. ట్రాక్టర్, జేసీబీ ఎవరికి ఉన్నాయి? డ్రైవర్ రాత్రిపూట ఊళ్లో ఉంటాడా? చెరువులో చేపలు పట్టే గంగపుత్రుల్లో ఈత, తెప్ప, వల మీద పట్టున్నవాళ్లు ఎవరు? జనరేటర్ ఏ ఫంక్షన్ హాల్లో ఉంది? బడి తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ట్రాన్స్‌ఫార్మర్ బంద్ చేయించాలంటే పిలవాల్సిన లైన్‌మన్ ఎవరు? నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, మంచంపట్టినవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారు? ఆశ కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు ఇందులో సగం తెలుసు. పంచాయతీ కార్యదర్శికి ఇంకొంత తెలుసు. మీ నాయనమ్మను కూర్చోబెట్టి ‘పెద్దవాన పడ్డప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్’ అని అడగండి. ఏ మ్యాపులోనూ లేని గీత చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త: జబ్బుల వివరాలు, ఒంటరి ఆడవాళ్ల నంబర్లు వాట్సప్ గ్రూపుల్లో పెట్టకండి. ఆ భాగం ఆశ దగ్గర, కార్యదర్శి దగ్గర ఉంటే చాలు.

ఎస్సారెస్పీ సంగతి విడిగా రాసుకోండి. పోచంపాడు డ్యామ్‌కు 42 గేట్లు, పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. గేట్లు ఎత్తితే దిగువన గోదావరి ఒడ్డు ఊళ్లకు ముప్పు. నిండుకుండలా ఉన్నప్పుడు వెనుక జలాల వైపు, నందిపేట దిక్కున కంగారు. మీ ఊరు ఎటువైపు ఉందో దాన్నిబట్టి మీకు కావాల్సిన సమాచారం మారిపోతుంది. ‘కట్ట తెగిందట’ అని వాయిస్ మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేసేముందు తహసీల్దార్ ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి.

ఫోన్‌లో ఏం చెప్పాలి?

కంగారులో చాలామంది ‘సార్ జల్దీ రండి’ అని పెట్టేస్తారు. ఎక్కడికి రావాలి? మామిడిపల్లి అంటే మనకు ఆర్మూర్ పక్కదే. హైదరాబాద్ శివార్లలోనూ ఓ మామిడిపల్లి ఉంది. కాబట్టి జిల్లా, మండలం, ఊరు, దగ్గరి గుర్తు ఈ వరుసలో చెప్పండి. తర్వాత ఏం జరిగింది, ఎంతమంది చిక్కుకున్నారు, పిల్లలు, ముసలివాళ్లు ఉన్నారా, ఏ దారి తెరిచి ఉంది. అవతలివాళ్లు పెట్టేదాకా మీరు ఫోన్ పెట్టొద్దు. ఇంట్లోవాళ్లకూ ఓసారి చెప్పించి చూడండి, నవ్వులాటగానే అలవాటవుతుంది.

నీళ్ల విషయంలో మన ధైర్యమే మనకు శత్రువు. జోరుగా పారే నీళ్లు ఆరు అంగుళాలున్నా మనిషి కాళ్లు తేలిపోవచ్చు, అడుగు లోతుంటే చిన్న కారు కొట్టుకుపోవచ్చు. కాజ్‌వే మీద బైక్ పోనిచ్చి రీల్ తీసేవాళ్లను ఆపడం కూడా రెస్క్యూ పనే. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి. తాడు, వెదురు, ట్యూబ్, ఖాళీ డ్రమ్ము, ఏది దొరికితే అది అందించండి.

కల్లంలో పసుపు ఉన్నప్పుడు

మనకు ఆపద అంటే జులై వరదే కాదు. జూన్‌లో నాటిన పసుపు చేనులో వాననీరు నిలిస్తే దుంపకుళ్లు పట్టుకుంటుంది. అది దాటి చేతికొచ్చాక, ఉడకబెట్టిన కొమ్ములు రెండు వారాల దాకా కల్లంలో ఎండాలి. సరిగ్గా ఆ రోజుల్లో, మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో అకాల వాన పడితే రంగు పోతుంది, బూజు వస్తుంది, మార్కెట్ యార్డులో ధర కోసేస్తారు. ఎనిమిది తొమ్మిది నెలల కష్టం అరగంట వానతో అంతే సంగతి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ బాగా వాడేది మీరే కాబట్టి ఆ బాధ్యత మీరు తీసుకోండి. వాతావరణ శాఖ ‘మౌసమ్’, రైతుల కోసం ‘మేఘదూత్’, పిడుగుల కోసం ‘దామిని’, ప్రభుత్వ హెచ్చరికలన్నీ ఒకేచోట చూపే ‘సచేత్’ యాప్‌లు ఉచితం. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థకు రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మండలం వారీగా వాన లెక్కలు రోజూ చూడొచ్చు. సాయంత్రం ఓసారి చూసి పట్టాలు కప్పమని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఉరుము వినిపించిందంటే పిడుగు అందేంత దూరంలోనే ఉన్నట్టు. చేనులో ఉన్నవాళ్లను చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి పంపండి.

ఎండ కూడా విపత్తే. వడదెబ్బను తెలంగాణ 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మృతుల కుటుంబాలకు 4 లక్షల పరిహారం. పరీక్షలో అడగొచ్చు, ఊళ్లో అవసరపడొచ్చు.

మరి ఉద్యోగం?

సూటిగా చెప్పాలంటే, ‘విపత్తు వలంటీర్’ సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇస్తామని ఫీజు అడిగేవాళ్లను నమ్మొద్దు. ఈ రంగంలో ఉద్యోగాలకు వేరే దారులున్నాయి.

ఎన్డీఆర్ఎఫ్‌కు నేరుగా భర్తీ ఉండదు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వెళ్తారు. అంటే మీ మొదటి మెట్టు ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ పరీక్ష. పదో తరగతి అర్హత, జనరల్‌కు 18 నుంచి 23 ఏళ్ల వయసు. ఇందులో ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్‌కు గరిష్ఠ మార్కుల్లో 5 శాతం, ‘బి’కి 3 శాతం కలుస్తాయి. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గమనించాలి, చివరి ఏడాదిలో గుర్తొస్తే లాభం లేదు. రాష్ట్రంలో ఫైర్‌మన్ పోస్టులు పోలీసు నియామక మండలి ద్వారా వస్తాయి. 2022 నోటిఫికేషన్‌లో 610 ఇచ్చారు, ఇంటర్ చాలు. స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌కు డిగ్రీ కావాలి. బీఎస్సీ లైఫ్ సైన్సెస్, నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లకు 108లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా అవకాశాలుంటాయి. రాత్రి షిఫ్టులకు సిద్ధపడే వెళ్లండి.

చదువు కొనసాగించాలంటే ఇగ్నోలో విపత్తు నిర్వహణ పీజీ డిప్లొమా ఉంది, ముంబయి టిస్‌లో దీనికోసం ప్రత్యేక స్కూలే ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా నడుపుతుంది. గల్ఫ్‌లో సేఫ్టీ ఆఫీసర్ కొలువు కోసం నెబోష్ చేద్దామనుకునేవాళ్లు ముందు ఆ ఇన్‌స్టిట్యూట్‌కు నెబోష్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. అక్కడ పనిచేస్తున్న మీ ఊరి అన్నలను అడిగితే జీతం సంగతీ తెలుస్తుంది.

వలంటీరుగా నేర్చుకోవాలనుకుంటే కేంద్రం ‘యువ ఆపదమిత్ర’ పథకం తెచ్చింది. 315 జిల్లాల్లో 2.37 లక్షల మంది ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ లాంటి సంస్థల యువతకు శిక్షణ లక్ష్యం. మీకు వీలుందో లేదో మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరును అడగండి. రెడ్‌క్రాస్ ప్రథమ చికిత్స శిక్షణ కూడా మంచిదే. గుండె ఆగినప్పుడు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కడం బొమ్మ మీద చేసి చూస్తేనే చేతికొస్తుంది. పాము కరిస్తే గాయం కోయడం, తాడు బిగించి కట్టడం కాకుండా కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలన్నదీ అక్కడే అలవాటవుతుంది.

ఇక ఆ పేజీ. మే నెలాఖరుకల్లా పూర్తి చేయండి, జూన్‌లో రుతుపవనాలు వస్తాయి. మూడు కాపీలు తీయండి: పంచాయతీ ఆఫీసు గోడకు ఒకటి, బడికి ఒకటి, మీ ఇంట్లో ఫ్రిజ్ మీద ఒకటి. కింద తేదీ వేయడం మరవొద్దు. లైన్‌మన్ బదిలీ అవుతాడు, ట్రాక్టర్ అమ్ముడుపోతుంది, నంబర్లు మారతాయి.