ఊరు నార్తాంప్టన్... జెండా స్కాట్లాండ్!

'మీదే ఊరు?' అని ఎవరైనా అడిగితే పరాయి దేశంలో ఉన్న మనం రెండు పేర్లు చెప్తాం. ఈతగత్తె కైట్లిన్ మెక్‌క్లాచీదీ ఇంచుమించు అదే కథ. 1985లో పుట్టింది పోర్ట్స్‌మౌత్‌లో. పెరిగింది నార్తాంప్టన్‌లో. వేర్లు మాత్రం స్కాట్లాండ్‌వి. అందుకే కామన్వెల్త్ క్రీడల్లో ఆ జట్టుకే ఈదింది.

ఆమెవి 200, 400 మీటర్ల ఫ్రీస్టయిల్ పోటీలు. వీటిల్లో మొదట్లోనే బలమంతా ఖర్చు పెడితే చివర్లో చేతులాడవు. మరీ దాచుకుంటే వెనకబడిపోతాం. ఆ లెక్క ఆమెకి బాగా తెలుసు. 2005లో మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో రెండింటా బంగారమే! 200 మీటర్లలో ఆస్ట్రేలియా స్టార్ లిబీ లెంటన్‌ని ఆమె సొంతగడ్డ మీదే ఓడించింది. అప్పటికి కైట్లిన్‌కి ఇరవయ్యేళ్లు. 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫైనల్ దాకా వెళ్లింది. పతకం మాత్రం అందలేదు.

మనలో చాలామంది నడుముకి ఎండు సొరకాయ కట్టుకుని బావుల్లో ఈత నేర్చినవాళ్లమే. ఇంగ్లండ్‌లో ప్రాథమిక బడి దాటేలోగా పిల్లలకి కనీసం 25 మీటర్ల ఈత రావాలన్నది పాఠ్యప్రణాళికలోనే ఉంది. మన పిల్లల్నీ కొలనులో దింపుదాం. రేపు వాళ్లు ఏ జెండా కింద ఈదినా రెండు ఊళ్లూ చప్పట్లు కొడతాయి.