కంప్యూటరుకు వచ్చిన జ్వరము

ఎండలు ముదిరిన దినములవి. ఒకనాటి సాయంకాలము మా అక్కగారి అబ్బాయి ఫోను చేసి, “మామయ్యా, నువ్వొకసారి రావాలి. నాన్నగారు నాతో మాట్లాడటం లేదు” అని మాత్రము చెప్పి పెట్టివేసెను. వాడు పాలిటెక్నిక్ విద్యార్థి. విడిభాగములు కొని, తన చేతులతో కూర్చి, ఇంట ఒక కంప్యూటరు నిలుపుకొనవలెనని ఏడాదిగా వాని కోరిక. మా బావగారు చీటీ పాడి తెచ్చిన రూ. 45,000 వాని చేతిలో పెట్టిరి. రెండు దినములు భోజనము సహితము మరచి వాడు యంత్రమును కూర్చినాడు. మీట నొక్కగనే తెర వెలిగినది, ఇంటిల్లిపాదియు సంతసించిరి. అయిదు నిమిషములు గడచినవో లేదో, ఎవరో దీపమార్పినట్లు అంతయు చీకటి యయ్యెను. మరల వెలిగించిరి, మరల ఆరిపోయినది.

నేను వెళ్లునప్పటికి ఒక తీర్పు జరిగియే యున్నది. సరుకమ్మిన దుకాణమువారు చూడకయే, “ప్రాసెసర్ పోయింది, కొత్తది కొనాల్సిందే. విప్పిన సరుకు వాపసు తీసుకోము” అని చెప్పిరట. “తయారైనది కొనరా అంటే విన్నావా?” అని బావగారు ఒక్కమాట అనిరట. ఆ మాటకే పిల్లవాడు రాత్రి అన్నము ముట్టలేదు.

ఇరువదియేండ్లుగా పాఠశాలలో ఉష్ణమును గూర్చి పాఠము చెప్పుచున్న నాకు కంప్యూటరుల మరమ్మతు తెలియదు. కాని చచ్చిన యంత్రము అయిదు నిమిషములు మాత్రము బ్రదుకుట యెట్లు? ఈ సందేహము నాకు కొంత ధైర్యమిచ్చినది. యంత్రమును వెలిగించి, దాని ప్రారంభ పట్టికలోనికి, అనగా బయాసులోనికి పోయి చూచితిమి. ప్రాసెసరు ఉష్ణోగ్రత 97 డిగ్రీల సెల్సియస్! గదిలో 36. యంత్రము చెప్పుకోదగిన పని యేదియు చేయుటయే లేదు. ఊరక కూర్చుండియే నీరు మరుగు వేడికి చేరువైనది. ఈనాటి ప్రాసెసరులు పెక్కింటికి 100 డిగ్రీల ప్రాంతమున ఒక హద్దు కలదు. దానిని సమీపించినపుడు అవి మొదట తమ వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో తామే ఆరిపోవును. కనుక అది చచ్చుట కాదు, చావు తప్పించుకొనుట.

ఇంతకును ఈ వేడి యెక్కడిది? బొటనవ్రేలి గోరంత సిలికాను ముక్కలో వందలకోట్ల ట్రాన్సిస్టరులు క్షణమునకు కోట్లకొలది మారులు తెరచుకొని మూసికొనుచుండును. ఒక్కొక్క మారునకు రవ్వంత విద్యుదావేశము నిండి ఖాళీయగుచుండును. ఈ విధముగ ఖర్చగు విద్యుత్తు వోల్టేజి వర్గమునకును, పౌనఃపున్యమునకును అనులోమానుపాతములో నుండును. లెక్కలు చేసినను, బొమ్మలు చూపినను, తుదకు ప్రాసెసరు తీసికొన్న విద్యుత్తంతయు దాదాపుగా ఉష్ణమైపోవును. వెనుకటి 60 వాట్ల బల్బును వట్టిచేతితో పట్టుకొనబోయినవారికి ఆ వేడి యెట్టిదో తెలియును. అంత వేడియు పెద్ద గాజుబుడ్డి నుండి గాక, ఒక గోరంత ముక్కనుండి వెలువడవలె ననుకొనుడు.

1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను తన తొలి మైక్రోప్రాసెసరులో ఉన్నవి 2,300 ట్రాన్సిస్టరులు మాత్రమే. దానికి ఫ్యానుతో పనిలేదు. ఆ తరువాత మూడు దశాబ్దములు వేగము కొరకు పందెము సాగినది. 2001లో ఆ సంస్థకే చెందిన పాట్ గెల్సింగర్ ఒక శాస్త్రసభలో, ఇదే తీరు కొనసాగినచో చిప్పుల వేడి సాంద్రత అణురియాక్టరును, పిదప రాకెట్టు నాళమును అందుకొనునని హెచ్చరించెను. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జుల పెంటియం 4ను తెచ్చు యత్నమును విరమించుకొన్నది. ఒకే గుఱ్ఱమును మరింత పరుగెత్తించుట మాని, ఒకే బండికి పెక్కు గుఱ్ఱములను కట్టు మార్గము నాటినుండి ప్రబలెను. వేడి యన్నది అంతటి సంస్థకే దారి మార్పించిన శత్రువు. మా వాడు దానికి జడియుటలో వింత యేమున్నది?

ఇక మా కథకు వత్తము. ప్రాసెసరులో పుట్టిన వేడి దాని లోహపు మూతకు ప్రాకి, అచ్చటనుండి పైన బిగించిన హీట్‌సింకు అడుగునకు దాటి, దాని రేకులకెక్కి, ఫ్యాను గాలిలో కలిసిపోవలెను. ఫ్యాను చక్కగనే తిరుగుచున్నది. హీట్‌సింకు రేకులపై చేయి వేసి చూచితిని; చల్లగానే యున్నవి! నాకు గుండె దడదడలాడినది. క్రింద 97 డిగ్రీలు, పైన చల్లదనము. అనగా త్రోవలో నెక్కడనో వంతెన తెగినది. పొయ్యి మండుచున్నను గిన్నె కాగకున్నచో నడుమ నేదో అడ్డమున్నదని వంటయింటి వారెవరైనను చెప్పుదురు గదా!

లోహమును లోహముపై ఎంత అదిమినను వాని నడుమ కంటికి కనరాని సందులలో గాలి మిగులును. గాలి కంటె రాగి సుమారు 15,000 రెట్లు మేలైన ఉష్ణవాహకము. అందుచేతనే ఆ సందులు పూడ్చుటకు థర్మల్ పేస్టు పూయుదురు. అది రాగితో సరితూగదు. గాలి కంటె మాత్రము ఎన్నో రెట్లు నయము. “పేస్టు పూశావా?” అని అడిగితిని. “పూశాను మామయ్యా, బఠాణీ గింజంత” అనెను వాడు.

యంత్రమునార్పి, తీగ ఊడదీసి, పేస్టు కొంచెము మెత్తగా ఉండగనే హీట్‌సింకును మెల్లగా అటునిటు త్రిప్పుచు పైకి తీసితిమి. ఒక్కసారిగ పైకి లాగరాదు. కొన్ని రకములలో ప్రాసెసరు కూడ దానితోబాటు ఊడివచ్చి కాళ్లు వంగును. తీసి, తలక్రిందులు చేసి, దీపము దగ్గర పెట్టి చూచితిమి. పేస్టు క్రింద ఏదో తళుక్కుమన్నది. అంచున గోటితో గీరగా, పలుచని ప్లాస్టిక్ పొర ఒకటి చిర్రున లేచివచ్చెను. రవాణాలో గీతలు పడకుండ తయారీదారులు అంటించునది. దానిపైననే, బిగించుటకు ముందు తీసివేయుడని చీమతలకాయలంత అక్షరములలో వ్రాసియున్నది!

ఇంత పలుచని పొర అంతపని చేయునా యని బావగారు నమ్మలేదు. కాగితముపై లెక్క వేసి చూపితిని. 1822లో ఫ్రాన్సు దేశపు ఫోరియర్ తన గ్రంథమున వివరించిన సూత్రమే: ఉష్ణప్రవాహమును మందముతో గుణించి, వాహకత, వైశాల్యముల లబ్ధముతో భాగించినచో ఇరువైపుల ఉష్ణోగ్రతల భేదము వచ్చును. పొర మందము మిల్లీమీటరులో పదవవంతు, వాహకత 0.2, వైశాల్యము 10 చదరపు సెంటీమీటరులు, ఉష్ణము 65 వాట్లు అనుకొందము. భేదము 32 డిగ్రీలకు పైమాట! అదే మందము రాగిరేకు అయినచో డిగ్రీలో అరువదవ వంతు మాత్రమే. ఇరువదియేండ్లుగ ఈ సూత్రమును నల్లబల్లపై వ్రాయుచున్నాను. అది నా కన్నులయెదుట ఇట్లు తళుక్కుమనుట అదే మొదటిసారి.

పాతపేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, క్రొత్తది పూసి బిగించితిమి. బయాసులో 58 డిగ్రీలు! పిల్లవాడు గంతు వేసెను. కాని గంతు తొందరపాటు. బరువైన పని అప్పగించి పది నిమిషములుంచగా ఉష్ణోగ్రత మరల 98కి ప్రాకినది, వేగము కుంటుపడినది. బావగారు మాటాడక లేచి పోయిరి. దుకాణమువాని మాటయే నిజమేమోనని, చెప్పవలెనన్న, నాకును తోచినది.

ఈసారి తప్పు కనిపెట్టినవాడు పిల్లవాడే. మదర్‌బోర్డును విప్పి వెనుకకు త్రిప్పి చూచినాడు. హీట్‌సింకు నాలుగు కాళ్లలో మూడింటి మొనలు బోర్డు వెనుకకు పొడుచుకొని వచ్చి తాళము పడినవి. నాలుగవది సగము దూరి ఆగినది. ఆ మూల హీట్‌సింకు వెంట్రుకవాసి పైకి లేచి, సందులో గాలి చేరినది. కాళ్లను వరుసగా గాక, ఒక మూల తరువాత దాని ఎదుటి మూలను నొక్కవలెను. అప్పుడే బరువు సమముగ పడును. మరల తుడిచి, మరల పూసి, ఆ క్రమమున నొక్కగా “టక్” మను శబ్దము నాలుగుసార్లు వినవచ్చెను.

విదేశములలో 22, 23 డిగ్రీల గదులలో కొలిచి ప్రకటించు అంకెలను చూచి మనము బెంగ పెట్టుకొనరాదు. మన వేసవి గది 36 డిగ్రీలున్నచో ఆ తేడా ప్రాసెసరు అంకెకును కలిసియే తీరును. ఇది వానికి చెప్పి, అరగంట బరువు పని చేయించితిమి. అంకె 74 వద్ద నిలిచినది, కదలలేదు.

రాత్రి పదిగంటలకు బావగారు గుమ్మములో నిలిచి, “ఇంకా ఆరిపోలేదా?” అని అడిగిరి. లేదని చెప్పితిని. ఆయన కొంతసేపు ఫ్యాను వంక చూచి, “ఒరేయ్, అమ్మ అన్నం పెట్టి గంటైంది, లే” అనిరి. ఆ ప్లాస్టిక్ పొరను నేను అడిగి తెచ్చుకొని పదవతరగతి పాఠ్యపుస్తకములో నుంచితిని.