వార్తల్లో పదం: కోల్డ్ క్యాష్

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ డ్రూపల్ 7కు అధికారిక మద్దతు 2025 జనవరి 5తో ముగిసింది. పాత వెబ్‌సైట్లు కొత్త వెర్షన్లకు మారక తప్పడం లేదు. ఆ మార్పులతో పాటు వినిపిస్తున్న మాట కోల్డ్ క్యాష్. ఒకసారి తయారైన పేజీని మళ్లీ వాడుకోవడానికి సైట్ దాచుకునే నిల్వే క్యాష్. అది ఖాళీగా ఉంటే కోల్డ్ క్యాష్.

అప్‌గ్రేడ్ చేశాక పాత నిల్వను తుడిచేస్తారు. అప్పుడు ప్రతి పేజీనీ డేటాబేస్ నుంచి మళ్లీ పేర్చాలి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లకు పేరుపడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అలాంటి చోట ఒక దుకాణం తన సైట్‌ను మార్చిందనుకుందాం. ల్యాప్‌టాప్ ధరల పేజీ తెరిచిన మొదటి కస్టమర్‌కు ఆలస్యం తప్పదు, రెండో వారికి చటుక్కున తెరుచుకోవాలి. లాగిన్ కాకుండా చూసినా రెండోసారీ నత్తనడకే అయితే జబ్బు వేరే ఉంది. క్యాష్ సెట్టింగ్ ఆపేసి ఉండొచ్చు, పాత మాడ్యూల్ (సైట్‌కు అదనంగా చేర్చిన ప్రోగ్రామ్) పొసగకపోవచ్చు. ఇది తేల్చుకోకుండా ఖరీదైన సర్వర్ కొనడం డబ్బు దండగ.

ఇలా మందగించిన సైట్ వర్డ్‌ప్రెస్ అనే మరో సాఫ్ట్‌వేర్‌తో నడిచేదైతే, ప్రతి పేజీతోనూ తనంతట లోడ్ అయ్యే ఆటోలోడ్ డేటా కూడా చూడాలి. 2024 జులైలో వచ్చిన 6.6 వెర్షన్ నుంచి అది 800 కేబీ దాటితే సైట్ హెల్త్ పేజీ హెచ్చరిస్తుంది.

అప్‌గ్రేడ్ రాత్రిపూట ముగించి, ముఖ్యమైన పేజీలను ఓ ప్రోగ్రామ్‌తో ముందే తెరిపిస్తే మొదటి కస్టమర్‌కూ ఆలస్యం తప్పుతుంది. ఇలా ముందే తెరిపించడాన్ని క్యాష్ వార్మింగ్ అంటారు.