తాతగారి చెవిలో టెలివిజన్

పిల్లలూ, నాకు చెవులు కాస్త మందం. రాత్రి టెలివిజన్‌లో వార్తలు వినాలంటే శబ్దం బాగా పెంచాలి. పక్క గదిలో మా మనమరాలు పదో తరగతి పరీక్షలకు చదువుకోవాలి. ఈ చిక్కు తీరేదెట్లా? ఒకనాడు ఆ పిల్లే తన తీగలేని హెడ్‌ఫోన్లు తెచ్చింది.

ముందు వాటి మీటను నొక్కి పట్టుకున్నది. చిన్న దీపం మినుకుమినుకుమన్నది. "నేనిక్కడున్నాను" అని అవి చాటుతున్నాయన్నమాట! తరవాత టెలివిజన్ సెట్టింగుల్లో బ్లూటూత్ జాబితా తెరిచి, వాటి పేరు ఎంచింది. అంతే! గది నిశ్శబ్దం, నా చెవుల్లో వార్తలు!

తీగ లేకుండా మాట ఎట్లా వచ్చింది? రేడియోలో వచ్చినట్టే. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. నా చిన్నతనంలో అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో దాన్నే వినేవాళ్ళం. ఆ మీడియం వేవ్ తరంగం పొడవు 350 మీటర్ల పైచిలుకు. బ్లూటూత్ తరంగం సుమారు 12 సెంటీమీటర్లే, జానెడైనా లేదు! బలమూ తక్కువే గనక మామూలుగా 10 మీటర్లు దాటితే తడబడుతుంది.

మరి పొరుగింటివారు మన వార్తలు వినలేరా? వినలేరు. జతకట్టిన రెండూ ముందే కూడబలుక్కుని, 79 సన్నని దారుల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతగలవు. ఆ వరస మూడోవారికి తెలియదు.

ఒక లోపమున్నది. టెలివిజన్ శబ్దాన్ని అంకెలుగా కుదించి పంపాలి, హెడ్‌ఫోన్లు విప్పుకోవాలి. అందుకని ఒక్కొక్కప్పుడు పెదవి ముందు కదిలి, మాట వెనక వస్తుంది.

మరునాడు మా ఆవిడ సీరియల్ మూగబోయింది! హెడ్‌ఫోన్లూ, టెలివిజనూ కలిసి పలికే ఏర్పాటు కొన్నిటిలోనే ఉంటుంది. మాదాంట్లో లేదు. సీరియల్ వేళకు ఇప్పుడు నేను వాటిని ఆపేసి, వరండాలో కూచుంటున్నాను.