చలి పైనుంచి, నీరు కిందనుంచి

మిషిగన్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఆయనది తెనాలి దగ్గర పల్లె, ఉద్యోగం డెట్రాయిట్ పక్కన. అక్కడి చెరువులు చలికాలం గడ్డకట్టుకుపోతాయి కాబట్టి బోటు ఉన్నవాళ్లు ఆరు నెలలు దాన్ని ఎక్కడో ఒకచోట దాచాలి. ఏటా అద్దె కట్టడం ఇష్టంలేక, ఇద్దరు మిత్రుల సాయంతో పెరట్లో తానే 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున రేకుల గ్యారేజీ కట్టుకున్నారు. వేసవి వానలకు ఒక్క చుక్క కారలేదు. తీరా ఏప్రిల్‌లో, మబ్బు తునక లేని రాత్రి గడిచాక పొద్దున్నే తలుపు తీస్తే లోపల చినుకులు పడుతున్నాయి. బోటు మీది పట్టాలో నీళ్లు మడుగు కట్టాయి. ఎవరో సలహా ఇస్తే పైకెక్కి ప్రతి స్క్రూ చుట్టూ సిలికాన్ పూశారు. మళ్లీ ఆకాశం తేటపడిన రాత్రి మళ్లీ అదే వాన. "వాన పడితే కారదు, వాన లేకపోతేనే కారుతోంది. ఇదెక్కడి చోద్యమండీ?" అని అడిగారు.

ఇంత చక్కటి ప్రశ్న ఈ మధ్య నాకు రాలేదు.

కట్టడం సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. 24 అడుగుల బోటుకు మోటారు, ట్రైలర్ ముందుకొమ్మ కలిపితే పొడవు 30 అడుగుల దాకా వస్తుంది. అమెరికా రోడ్ల మీద ప్రత్యేక అనుమతి లేకుండా లాగగలిగే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు కాబట్టి వెడల్పుతో బాధ లేదు. చిక్కంతా ఎత్తుతోనే. మామూలు కారు గ్యారేజీ తలుపు 7 అడుగులుంటుంది, ట్రైలర్ మీద నిలిచిన బోటుకు 10, 12 అడుగులు కావాలి. అందుకే అక్కడివాళ్లు పొలాల్లో కొట్టాలు కట్టే పద్ధతిలో పెద్ద కర్రస్తంభాలు పాతి, వాటి మీద ఉక్కు రేకులు బిగిస్తారు. చలికి నేల గడ్డకట్టి ఉబ్బినా స్తంభం కదలకుండా మిషిగన్‌లో 42 అంగుళాల లోతుకు దిగాలి. ఈయన అన్నీ సరిగ్గానే చేశారు. నేల మాత్రం గట్టి చేయకుండా కంకర పరిచి వదిలేశారు, కాంక్రీటు వచ్చే ఏడాది చూసుకుందామని. ఈ కంకర సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు పైకప్పు దగ్గరికి వద్దాం. ఆ రేకు మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. రాత్రి పూట అది ఏం చేస్తుంది? ఆకాశంలోకి వేడిని కుమ్మరిస్తుంది. గాలి ద్వారా కాదు, వికిరణం ద్వారా. వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాలను నిత్యం వెదజల్లుతూనే ఉంటుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న రంగు రేకు చదరపు మీటరుకు దాదాపు 350 వాట్లు పైకి పంపుతుంది. ఆకాశమూ ఊరుకోదు. గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు తమ వంతు వేడిని కిందికి పంపుతాయి. మబ్బు పట్టిన రాత్రి ఈ ఇచ్చిపుచ్చుకోవడం దాదాపు సరిసమానం. మబ్బు లేని రాత్రి ఆకాశం తిరిగిచ్చేది 270 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. కారణం, 8 నుంచి 13 మైక్రోమీటర్ల అలల మేరలో మన వాతావరణం తెరిచిన కిటికీ లాంటిది. ఆ కిటికీలోంచి రేకు వేడి నేరుగా అంతరిక్షానికి పోతుంది.

తేడా చదరపు మీటరుకు 80, 90 వాట్లు. వినడానికి తక్కువే. కానీ ఈ కప్పు వైశాల్యం వాలుతో కలిపి సుమారు 115 చదరపు మీటర్లు. గుణించి చూడండి, పది కిలోవాట్లు! ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు కలిసి గదిలోంచి లాగేసే వేడి ఇది. కరెంటు లేకుండా, చప్పుడు లేకుండా, ఆ కప్పు రాత్రంతా ఈ పని చేస్తూనే ఉంటుంది. గాలి నుంచి కొంత వేడి మళ్లీ రేకుకు అందుతుంది కాబట్టి పతనం ఎక్కడో ఆగుతుంది, కాని ఆగేలోపు రేకు చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లబడిపోతుంది. గాలి కంటే చల్లగా! దాన్ని చల్లబరిచింది గాలి కాదన్నమాట.

మిగతాది మీకు తెలిసిందే. చల్లటి నీళ్లు పోసిన చెంబుకు బయట చెమట పట్టినట్టు, కప్పు అడుగున తేమ నీరు కడుతుంది. బొట్లు పెరిగి, బరువెక్కి, రాలతాయి.

ఆరుబయట రాత్రి పట్టే మంచూ ఇలాంటిదే, అయినా మన భాషలో "మంచు కురిసింది" అంటాం. వాన కురిసినట్టే మంచూ పైనుంచి పడుతుందన్న చాలా పాత నమ్మకం ఆ మాటలో దాగి ఉంది. అరిస్టాటిల్ మంచు పట్టేది గాలి కదలని, తేటైన రాత్రుల్లోనేనని సరిగ్గానే గమనించాడు, కారణం దగ్గరే దారి తప్పాడు. 18వ శతాబ్దంలో కొందరు ఆ పాత నమ్మకాన్ని తలకిందులు చేశారు. ఫ్రాన్సులో ద్యూఫే అనే శాస్త్రవేత్త ఒక నిచ్చెన మెట్ల మీద వేర్వేరు ఎత్తుల్లో గాజు పలకలు అమర్చి చూశాడు. కింది పలకలు ముందు తడిశాయి, పైవి తర్వాత. ఇంకేం, మంచు నేలలోంచి పైకి లేస్తుందని తేలిందన్నారు. మరి అదే రాత్రి గాజు తడిసి, పక్కనే ఉన్న మెరుగుపెట్టిన లోహం పొడిగా ఎందుకుందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఈ ముడి విప్పినవాడు విలియం చార్ల్స్ వెల్స్. అమెరికాలోని చార్ల్స్టన్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన వైద్యుడు. ఆరోగ్యం అంతంతమాత్రం, అయినా రాత్రుళ్లు తోటల్లో మేలుకుని కూర్చున్నాడు. అతని పరికరాలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఉన్ని పోగులు, థర్మామీటర్లు, త్రాసు, ఒక చెక్క. ఒక్కో ఉన్ని ముద్ద బరువు, ఆనాటి చిన్న తూకంలో, పది గ్రెయిన్లు. చెక్కను నేలకు నాలుగడుగుల ఎత్తున నిలబెట్టి, ఒక ముద్దను పై ముఖం మీద, ఇంకొకదాన్ని అడుగున కట్టాడు. తెల్లారి తూచితే పైదానికి 14 గ్రెయిన్ల తడి పట్టింది, కిందిదానికి 4. మంచు నేలలోంచి లేచేదే అయితే కిందిదే కదా ఎక్కువ తడవాలి? పైనుంచి రాలేదీ కాదు, ఎందుకంటే చెక్క అడుగుకు రాలడానికి దారే లేదు, అయినా 4 గ్రెయిన్లు పట్టింది. ఆకాశం ఎవరికి కనిపిస్తోందో వారు ముందు చల్లబడతారు, చల్లబడినవారి మీద తేమ నీరు కడుతుంది. మంచు చలిని తేదు, చలే మంచును తెస్తుంది. 1814లో వెల్స్ దీన్ని పుస్తకంగా వేశాడు. ఆ ఏడే రాయల్ సొసైటీ అతనికి రంఫర్డ్ పతకం ఇచ్చింది.

మా డాబా మీద కిందటి డిసెంబరులో ఈ ప్రయోగాన్ని నేనూ చేశాను. పిల్లల పలకలు రెండు తీసుకుని, ఒకటి నులక మంచం మీద దుప్పటి పరిచి దానిపైన, రెండోది మంచం కింద మరో దుప్పటి మీద ఉంచాను. తెల్లవారుజామున అయిదింటికి టార్చితో వెళ్లి చూస్తే, మంచం మీది పలకపై వేలితో పేరు రాసుకునేంత తడి ఉంది. కిందిది పొడిగా, గరుగ్గా, పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మీ ఇంటి ముందు స్కూటర్ సీటు సంగతి కూడా ఇదే. వేపచెట్టు కింద పెడితే తడవదు, ఆరుబయట పెడితే తుడవకుండా కూర్చోలేరు. చెట్టు మంచును ఆపడం లేదు, ఆకాశాన్ని కమ్మేస్తోంది, అంతే.

వెల్స్ తన పుస్తకంలో మన దేశాన్నీ లాక్కొచ్చాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి రాబర్ట్ బార్కర్ 1775లో ఒక వింత రాసి ఉన్నాడు. అలహాబాదులో, కలకత్తా వైపున, చెరువుల్లో ఎన్నడూ మంచుగడ్డ కనిపించని చోట, స్థానికులు చలికాలపు రాత్రుల్లో మంచుగడ్డ తయారుచేస్తున్నారు! లోతు తక్కువ గొయ్యి తవ్వి, అందులో చెరుకు గడలో ఎండిన మొక్కజొన్న దంట్లో మందంగా పరిచి, వాటి మీద పల్చటి మట్టి మూకుళ్లలో కాచిన నీళ్లు పోసి ఉంచేవారు. తెల్లారేసరికి గడ్డ. అప్పటి పండితులు నీరు ఆవిరవడం వల్లే ఇంత చలి పుట్టిందన్నారు. అదే నిజమైతే గాలి వీచే రాత్రి ఇంకా బాగా గడ్డకట్టాలి కదా అన్నాడు వెల్స్. కట్టదు, గాలి నిలిచిన రాత్రే కడుతుంది. దంట్లు నేల వేడిని ఆపుతున్నాయి, నీరు ఆకాశానికి వేడిని ఇచ్చేస్తోంది. పేర్లు కూడా మిగలని ఆ పనివాళ్ల చేతుల్లో ఈ విద్య వెల్స్ పుస్తకం రాకముందే పండింది. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఆశ్వత్ రామన్, షాన్‌హుయ్ ఫాన్ బృందం మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా గాలి కంటే దాదాపు 5 డిగ్రీలు చల్లగా ఉండే పొరను చేసి చూపించారు. పాత మూకుడికి అది మనవరాలు.

ఇంతవరకు చలి సంగతి. మరి నీరో? ఇక్కడ మన పాఠకుడి కంకర నేల కథలోకి వస్తుంది.

లెక్క చూద్దాం. గోడలు 14 అడుగులనుకుంటే గ్యారేజీలో గాలి సుమారు 475 ఘనపు మీటర్లు. ఏప్రిల్ సాయంత్రం 12 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. ఘనపు మీటరు గాలిలో ఎనిమిదిన్నర గ్రాముల ఆవిరి ఉంటుంది. రేకు 5 డిగ్రీలకు దిగితే ఆ గాలి పట్టుకోగలిగేది 6.8 గ్రాములే. మిగిలిన ఒకటిన్నర గ్రాము చిల్లర నీరై దిగాలి. గ్యారేజీ మొత్తం గాలి రేకును తాకి ఆరిపోయినా వచ్చేది లీటరులోపే! కప్పు అడుగున మిల్లీమీటరులో పదోవంతు మందాన నీరు పట్టాలన్నా 11 లీటర్లు కావాలి. మిగతా పది లీటర్లు ఎక్కడివి?

సందుల్లోంచి వచ్చే బయటి గాలి కొంత తెస్తుంది. పెద్ద వాటా నేలది. పైకి ఎండినట్టు కనిపించే మట్టి లోపల, రేణువుల మధ్య గాలి దాదాపు నూరు శాతం తేమతో నిండి ఉంటుంది. కంకర దాన్ని ఏమాత్రం ఆపదు. రాత్రి పైన రేకు ఆవిరిని పీల్చుకుని నీరుగా మారుస్తుంటే, కింద నేల కొత్త ఆవిరిని అందిస్తూనే ఉంటుంది. 1880లలో స్కాట్లండ్‌లో జాన్ ఐట్కెన్ నేల మీద పళ్లేలు బోర్లించి ఇదే చూపించాడు. పళ్లెం లోపల తడి దండిగా పట్టింది. అంటే, అందరూ కొట్టిపారేసిన ద్యూఫే పక్షంలోనూ సగం నిజం ఉంది. చలి పైనుంచి వస్తోంది, నీరు కిందనుంచి వస్తోంది. మధ్యలో ఆ బోటు ఉంది.

సిలికాన్ పూయమని సలహా ఇచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు గాని, ఇంకో రెండు సలహాల మీద ఉంది. ఒకటి, ముదురు రంగు వేస్తే రేకు వెచ్చగా ఉంటుందని. పగలు నిజమే. రాత్రి నలుపూ తెలుపూ ఒకటే, ఎందుకంటే పరారుణ కిరణాల దగ్గర రెండు పెయింట్లూ దాదాపు సమానంగానే వేడిని వదులుతాయి. పెయింటు లేని కొత్త మెరుపు రేకే తక్కువ వదులుతుంది. వెల్స్ నాటి మెరుగుపెట్టిన లోహం పొడిగా ఉండిపోయింది అందుకే. రెండోది ఇంకా ప్రమాదం. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ పెట్టుకోమని. ఒక కిలో ప్రొపేన్ కాలితే ఒక కిలో 600 గ్రాములకు పైగా నీరు ఆవిరై గదిలోకి వస్తుంది. ఆరబెట్టడానికి పెట్టిన పొయ్యి తడిపి పెడుతుంది. పైగా మూసిన గదిలో విషవాయువు భయం.

ఇక ఏం చేయాలన్నది. నేల మీద దళసరి పాలిథిన్ పరిచి అతుకులు టేపుతో మూసి, దానిపైన కాంక్రీటు పోయించాలి. కొత్త కాంక్రీటులోని నీరు కూడా నెలల తరబడి బయటికి వస్తుంటుంది, ఆ మొదటి ఏడాది ఓపిక పట్టాలి. రేకు అడుగున గాలి చొరబడని ఇన్సులేషన్ పొర వేస్తే లోపలి గాలి చల్లటి లోహాన్ని తాకదు. చూరు దగ్గరా, కప్పు కొప్పు దగ్గరా గాలికి దారి ఉంచాలి. చలికాలం పోయి వచ్చే మొదటి వెచ్చటి తేమరోజున మాత్రం పెద్ద తలుపు బార్లా తీయకండి, గడ్డకట్టినంత చల్లగా ఉన్న బోటు ఇంజనే అప్పుడు చెంబులా చెమట పడుతుంది. ఇవన్నీ ముందే తెలిసిన సంగతులే అయినా, షెడ్డు కొలతలు చెప్పే కాగితాల్లో తలుపు ఎత్తుకు ఇచ్చిన చోటు నేల తేమకు ఇవ్వరు. మన దగ్గర రేకుల షెడ్లలో మిర్చి బస్తాలు, పత్తి పెట్టుకునేవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

మిషిగన్ మిత్రమా, పైసా ఖర్చుపెట్టే ముందు ఒక పని చేయండి. మీటరు చదరం పాలిథిన్ షీటు కంకర మీద పరిచి, అంచుల మీద ఇసుక పోసి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున షీటు అడుగున వేలు పెట్టి చూడండి. తడి ఉంటే మీ వాన ఎక్కడ పుట్టిందో మీకే తెలుస్తుంది. మిగిలిన సిలికాన్ ట్యూబులు కొట్టుకు తిరిగి ఇచ్చేయండి.