వంత పాడినవారి పేర్లు

ఎవరైనా పెద్దల మాటకల్లా తల ఊపితే "వాడు వంత పాడుతున్నాడు" అని ఎగతాళి చేయడం మనకు అలవాటు. కాటన్‌పేటలో తరాలు గడిచినా మన ఇళ్ళలో ఈ మాట పోలేదు. ఆ వంత లేనిదే కథ లేదన్న సంగతి మాత్రం మరుగున పడినది.

బుర్రకథకు ముగ్గురు కావలె. నడుమ కథకుడు, భుజాన తంబురా, వ్రేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు. ఇరుప్రక్కల డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, రెండవవారిది రాజకీయం. హాస్యగాడు నవ్విస్తాడు, రెండవవాడు లోకం తీరును ఎత్తిపొడుస్తాడు. కథకుడు ఊపిరి తీసుకొనేటప్పుడు "తందాన తాన" అని అందుకొని కథను జారిపోనీయక మోసేది ఈ ఇద్దరే. తందాన అంటే అర్థమేమని పిల్లలు అడిగితే మేము చెప్పలేము. అర్థం లేకపోయినా, అది లేక కథ నడవదు. వంతలలో ఒకరికి జ్వరం వస్తే ఆ రాత్రి బదులు మనిషిని తేవడం మాటలు కాదు; కథకుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ వదులుతాడో ఎన్నాళ్ళో కలిసి పాడితే గాని పట్టుబడదు. పూర్వం జంగం కథలలో భార్యలే వంతలుగా ఉండేవారు కనుక ఈ చిక్కు కొంత తక్కువ.

గొంతే పెట్టుబడిగా ఇటువంటి పాట అమెరికాలోనూ ఒకటి పుట్టినది. 1950 ప్రాంతాల న్యూయార్కు, ఫిలడెల్ఫియా వంటి నగరాల వీధి మలుపుల్లో నల్లజాతి కుర్రవాళ్ళు, వాద్యాలు కొనే స్తోమతు లేక, ఒకడు పాట ఎత్తుకొంటే తక్కినవారు "డూ-వాప్" అంటూ అర్థంలేని అక్షరాలతో శ్రుతి కలిపేవారు. ఆ బాణీకి అదే పేరు నిలిచినది. 1956లో "టీనేజర్స్" అనే ఐదుగురు పిల్లల బృందం "వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్" రికార్డుతో ఊరూరా మ్రోగినది. ముందు గొంతు పదమూడేళ్ళ ఫ్రాంకీ లైమన్‌ది. పాట కట్టినవారుగా చివరకు నిలిచినవి అతని పేరు, కంపెనీ యజమాని పేరు. వెనుక పాడిన హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్ ఆ పాట తమదని కోర్టుకెక్కినారు. 1992లో తీర్పు వారి పక్షాన వచ్చినది. 1996లో పైకోర్టు, మూడేళ్ళ గడువు ఎప్పుడో దాటినదని కొట్టివేసినది. పాట ఎవరిదన్న ప్రశ్న క్యాలెండరు చూసి తేల్చినారన్నమాట!

మన నాజర్ సంగతి చూడండి. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టినారు. (మన పేటకు కన్నడంలో అరళెపేట అని పేరు, దూది ఏకే ఇంటి బిడ్డ అనగానే మాకెందుకో మనవాడే అనిపించినది.) ప్రజా నాట్యమండలి దళంతో పల్నాటి యుద్ధం, బెంగాలు కరువు ఊరూరా చెప్పినారు. 1948 తరువాత నిర్బంధం వచ్చి దళాలు చెల్లాచెదరైనవి. మళ్ళీ నిలదొక్కుకొన్నారు. 1986లో పద్మశ్రీ వచ్చినది, 1997లో కన్నుమూసినారు. అంతటి గౌరవానికి ఆయన తగినవారే. అయితే బిరుదు ఒక పేరుకే వస్తుంది. రాత్రంతా అరిచిన గొంతులు మూడు.

మేము ఆఫీసు గుమాస్తాలము, మాకిది కొత్త కాదు. కాగితం వ్రాసేది ఒకరు, క్రింద సంతకం వేరొకరిది.

ఉగాదికి బుర్రకథ పెట్టించదలచినవారు ఆహ్వానపత్రికలో మూడు పేర్లూ అచ్చు వేయించవలెనని మా కోరిక. ఒక పంక్తి కన్న ఎక్కువ పట్టదు.