స్థలచరిత్రలో ఐతిహ్యప్రామాణ్యము: లేపాక్షి, పెనుకొండ, ధర్మవరముల కథనములు – విజ్ఞానసర్వస్వరచన

వ్యాఖ్యాతృశిరోమణి యగు కోలాచల మల్లినాథసూరి, మూలము లేనిదానిని వ్రాయననియు, అపేక్షితము కానిదానిని చెప్పననియు తన వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞ చేసియున్నాడు. కావ్యవ్యాఖ్యానమునకు ఆయన విధించుకొన్న ఈ నియమము విజ్ఞానసర్వస్వరచనకు మరింత ఆవశ్యకము. కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు (1877–1923) ఆరంభించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము పండితుల రచన. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మార్గము వేఱు. అందు అభిమానము గల ఎవరైనను స్వచ్ఛందముగ వ్రాయవచ్చును, ఇతరులు వ్రాసినదానిని దిద్దవచ్చును. వ్రాయువాని పాండిత్యము అచట ప్రమాణము కాదు. వ్రాసినదానికి చూపిన మూలమే ప్రమాణము. లేఖకుని సొంత ఊహలకు తావు లేదని నియమము. నియమము మంచిదే. కాని మూలముగ చూపిన గ్రంథమునందే ఊహ ప్రమాణవేషము ధరించియున్నపుడు ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల స్థలకథనములు తగిన ఉదాహరణములు. పూర్వము అనంతపురము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన ఈ పట్టణముల పరిసరములలో శాసనము, పురాణము, జనశ్రుతి, ఊహ ఒకదానితో నొకటి పెనవైచుకొని యున్నవి.

ఐతిహ్యస్వరూపము

న్యాయసూత్రముల ద్వితీయాధ్యాయ ద్వితీయాహ్నికారంభమున, ప్రమాణములు నాలుగే యనుటపై ఒక ఆక్షేపము కలదు. ఐతిహ్యము, అర్థాపత్తి, సంభవము, అభావము అనునవియు ప్రమాణములే గదా యని ఆక్షేపము. ఐతిహ్యము శబ్దమునందే అంతర్భవించునని సమాధానము. ఆదిలో చెప్పినవాడెవడో తెలియక పరంపరగ వచ్చు ప్రవాదమే ఐతిహ్యమని వాత్స్యాయనుడు వివరించెను. వాచస్పతిమిశ్రుడు సాంఖ్యతత్త్వకౌముదిలో, మఱ్ఱిచెట్టున యక్షుడున్నాడను మాటను ఉదాహరణముగ గైకొని, చెప్పినవాడు తెలియనందున అది సందేహాస్పదమనియు, ఆప్తుడు చెప్పినట్లు నిశ్చయమైనచో ఆగమమే యగుననియు తీర్మానించెను. ఆయన ఆ మాటను అసత్యమని త్రోసివేయలేదు, సందిగ్ధమనెను. అసత్యమునకును సందిగ్ధమునకును గల ఈ భేదమే విజ్ఞానసర్వస్వలేఖకునకు ముఖ్యము.

లేపాక్షి నామవిచారము

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి పేరునకు రెండు కథలు ప్రసిద్ధములు. రావణునిచే రెక్కలు తెగి పడియున్న జటాయువును శ్రీరాముడు ‘లే, పక్షీ’ అని పలికెననుట మొదటిది. ఆలయనిర్మాత యగు విరూపణ్ణ తన కన్నులను పోగొట్టుకొన్నందున ఆ పేరు కలిగెననుట రెండవది. ఒకటి త్రేతాయుగమును, మరియొకటి క్రీస్తుశకము 16వ శతాబ్దమును చూపుచున్నవి. రెండును ఒకేమారు సత్యములు కానేరవు.

వాల్మీకిరామాయణము అరణ్యకాండ 68వ సర్గలో జటాయువు మరణము, శ్రీరాముడు చేసిన దహనసంస్కారము వర్ణింపబడినవి. ఆ పిమ్మట రామలక్ష్మణులు గోదావరిలో ఉదకము విడిచిరి. లెమ్మని పలికిన మాట అచట లేదు, ఉన్నది గోదావరీతీరసామీప్యము. కావున మొదటి కథకు వాల్మీకిని మూలముగ చూపుట తగదు. స్థానికవిశ్వాసముగ చూపుట తగును.

రెండవ కథకు వ్యాకరణసాహాయ్యము కొంత కోరుదురు. ‘లేప’, ‘అక్షి’ శబ్దములకు బహువ్రీహి చేసినచో పాణినీయము (5.4.113) ననుసరించి షచ్ ప్రత్యయము వచ్చును, అది షిత్తగుటచే స్త్రీలింగమున ఙీష్ వచ్చి ‘లేపాక్షీ’ యని రూపసిద్ధి. కామాక్షి, మీనాక్షి యను నామములవలె ఇదియు సాధువే. కాని లేపమనగా పూత. కన్నులయందు పూత గలది యను అర్థము వచ్చునే కాని, కన్నులు పోయినవాడను అర్థము రాదు. మరియు రూపసిద్ధి వేఱు, చరిత్రసిద్ధి వేఱు. ఒక పేరు సంస్కృతమున సాధువైనంత మాత్రమున ఆ ఊరికి ఆ పేరు అట్లే వచ్చినదని చెప్పరాదు. విరూపణ్ణ జీవించియుండగా వెలసిన దానశాసనమున ఆ గ్రామనామము కనబడినచో ఈ వ్యుత్పత్తి నిలువదు. వ్యుత్పత్తిని వ్రాయుటకు ముందు పరిశీలింపవలసినది ఆ శాసనపాఠమే.

విరూపణ్ణ వృత్తాంతము

వీరభద్రాలయనిర్మాణము అచ్యుతదేవరాయల (1529–1542) కాలమున పెనుకొండ నాయకులగు విరూపణ్ణ, వీరణ్ణ సోదరులచే జరిగినది. విరూపణ్ణ పేరిట దేవునికి జరిగిన దానములు అచటి శాసనములలో కలవు. వానిలో పెక్కింటి భాష కన్నడము. జనశ్రుతి మరియొకటి చెప్పును. రాజాజ్ఞ లేక ధనాగారమును వెచ్చించెనని ఆరోపణము రాగా, విరూపణ్ణ తన కన్నులను తానే పెఱికి గోడకు విసరెననియు, అసంపూర్ణమగు కల్యాణమంటపము సమీపమున గోడపై నున్న ఎఱ్ఱని మరకలు అవియే ననియు కథ.

ఇందు విడదీయవలసిన అంశములు మూడు. మరకలు ప్రత్యక్షము, వాని కారణము ప్రత్యక్షము కాదు. మంటపము అసంపూర్ణమనుట ప్రత్యక్షము; కాని పని ఆగుటకు పోషకుని మరణము, ద్రవ్యాభావము, రాజ్యపరివర్తనము మున్నగు హేతువులు పెక్కు సంభవించును గనుక, దానినిబట్టి శిక్షను అనుమానించుట వ్యభిచారదోషదుష్టము. ఇక దానశాసనమున కథ లేకపోవుట కథను ఖండింపదు. అనుపలబ్ధి యోగ్యమైనపుడే అభావమును సాధించును. దాతపై వచ్చిన ఆరోపణమును దానశాసనమున వెదకుట యోగ్యము కాదు.

ఇది కేవలము పండితచర్చ కాదు. ధనాపహారియని ఒక నిర్మాతపైనను, అంతటి భయము పుట్టించిన ప్రభువని ఒక రాజుపైనను వేయబడు నింద యిది. నాలుగువందల యెనుబదియేండ్లకు పైగా గడచినను, సమాధానము చెప్పుకొనలేని మృతులపట్ల లేఖకునకు ధర్మము కలదు. 2022లో ఈ ఆలయము యునెస్కో తాత్కాలికజాబితాలో చేరినందున, ఇచటి కథలు దూరదేశములకు చేరు అవకాశము మరింత పెరిగినది.

పెనుకొండ, ధర్మవరములు

పెనుకొండకోట ఉత్తరద్వారశాసనము (1354) బుక్కరాయల కుమారుడగు వీరవిరూపణ్ణ ఒడెయరును పేర్కొనుచున్నది. లేపాక్షి విరూపణ్ణ ఆయనకు సుమారు నూట యెనుబది సంవత్సరముల తరువాతివాడు. నామైక్యముచే వ్యక్త్యైక్యమును భ్రమించినచో, కోట కట్టించిన రాజకుమారుడును గుడి కట్టించిన నాయకుడును ఒక్కడే యగును. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగ చేసికొనెను. అందువలన విజయనగరకథలు పెక్కు ఈ కొండను ఆశ్రయించినవి.

మంత్రి తిమ్మరుసు కారాగారవాసమును ఇచటి కట్టడములతో ముడిపెట్టి చెప్పుదురు. రాజకుమారుని మరణముపై అనుమానముతో కృష్ణదేవరాయలు మంత్రి కన్నులు తీయించెనని 1535 ప్రాంతమున పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసెను. ఇచట వక్త తెలిసియున్నాడు గనుక ఇది శుద్ధైతిహ్యము కాదు. ఐనను ఆయన ప్రత్యక్షసాక్షి యని చెప్పుటకు వీలు లేదు. ‘న్యూనిజ్ వ్రాసెను’ అనునంతవరకే నిశ్చయము. ఒకే ప్రాంతమున రెండు నేత్రనాశకథలుండుట చూచి, ఒకటి మరియొకదానిపై ఛాయ వైచియుండునని తోచవచ్చును. ఇదియు ఊహయే, ఊహగనే వ్రాయవలెను.

క్రియాశక్తి ఒడెయరు చెరువు కట్టించి, తల్లి పేరిట ఊరు నిలిపెనని ధర్మవరమునందు చెప్పుదురు. లేపాక్షి పైకప్పు చిత్రములలో స్త్రీలు ధరించిన అంచుచీరలు ధర్మవరపు మగ్గములపై నేసినవే యనుట మరియొక మాట. చిత్రములలో చీరలున్నవి; అవి ఎచట నేయబడెనో చిత్రము చెప్పదు. నేటి చీరకును నాటి చిత్రమునకును గల సాదృశ్యము కాలక్రమమున విలోమముగను కలుగవచ్చును. చిత్రమును చూచియే నేతగాడు అంచును కల్పించియుండవచ్చును గదా!

అన్యోన్యాశ్రయదోషము

ఆలయమున మార్గదర్శకుడు చెప్పిన కథ యాత్రాపుస్తకమున కెక్కును. దానిని చూపి స్వచ్ఛందలేఖకుడు విజ్ఞానసర్వస్వమున చేర్చును. తరువాతి పుస్తకము ఆ విజ్ఞానసర్వస్వమును చూచి వ్రాయబడును. పిదప ఆ పుస్తకమే మొదటి వాక్యమునకు మూలముగ చేర్పబడును. ఒకదానిని మరియొకటి మోయుచుండును. రెండింటిని మోయునది ఏదియు లేదు. ఇట్టిచోట మూలముల సంఖ్య పెరిగినను ప్రామాణ్యము పెరుగదు.

నిష్కృష్టార్థము

దీనికి పరిహారము భాషయందే కలదు. వినికిడిని తెలుపుటకు తెలుగున ‘అట’, సంస్కృతమున ‘కిల’ ఉన్నవి. పల్లెలోని వృద్ధురాలు ‘కన్నులు పెఱికి విసిరినాడట’ యని చెప్పునపుడు ఆమె ప్రమాణమర్యాదను పాటించుచున్నది. ‘అట’ను తొలగించి ‘విసరెను’ అని వ్రాసిన లేఖకుడే దానిని ఉల్లంఘించుచున్నాడు. కావున కనబడునది ‘కలదు’ అనియు, శాసనస్థమును ‘శాసనము చెప్పుచున్నది’ అనియు, జనశ్రుతిని ‘స్థానికులు చెప్పుదురు’ అనియు, ఊహను ఊహించినవారి పేరుతోను వ్రాయవలెను. కథను తీసివేయనక్కరలేదు, దాని స్థానమున దానిని నిలుపుట చాలును.

ఈ కార్యమున ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు విశేషాధికారము కలదు. సర్గసంఖ్య, సూత్రసంఖ్య, శాసనపాఠము చూపి ఒక్క వాక్యమును దిద్దినను, అది సంవత్సరములపాటు విద్యార్థులకు ఉపకరించును. అట్లే, కథ చెప్పు పెద్దల మాటను ఊరు, కాలము తెలిపి లిఖించినచో, ఏ కాలమున ఏ ఊర ఆ కథ చెప్పబడెనో తరువాతివారికి నిశ్చయముగ తెలియును.